పాత బండి - కొత్త ముచ్చట

శ్రీవారు ఉన్నట్టుండి పాత జావానో, యెజ్డీనో కొని వాకిట్లో నిలబెట్టారా? కంగారు పడకండి. మైసూరులో తయారైన ఈ బళ్లు 1996లో ఆగిపోయినా వాటి మీద మోజు తగ్గలేదు.

ముందు ఆర్‌.సి. చూడండి. ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవేనా? పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించారా? ఇవి సరిగా లేకపోతే పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

ఇది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోలులో ఆయిల్ కలపకపోతే పిస్టన్ పట్టేస్తుంది. ఎంత తన్నినా స్టార్టు కాకపోతే స్పార్క్ ప్లగ్ మసి పట్టిందేమో చూడమనండి. పెట్రోలు డబ్బాని మాత్రం వంటింటి దరిదాపులకు రానివ్వకండి. వేడి సైలెన్సర్ల దగ్గర పిల్లలు జాగ్రత్త!

వెనక కూర్చునే ముందు శారీగార్డు ఉందో లేదో చూసుకోండి. కొంగు నడుముకి దోపుకోండి. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి సుమా.

ఇక ముచ్చటంటారా! గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డవుతుంది. పిల్లలకి అదో వింత. బండి చప్పుడు వినగానే వీధిలో పెద్దాయనెవరో ఆగి, "మా నాన్నగారికీ ఇదే ఉండేదమ్మా" అంటారు. ఆయన కళ్లలో మెరుపు చూశాక, ఆదివారం షికారుకి మీరే ముందు తయారవుతారు.