గృహవినోదములు: దసరాకు ఇంటనే బాణములు



ఆశ్వయుజమాసము సమీపించుచున్నది. పిల్లలకు బడిసెలవులు వచ్చును. అటకపైనుండి సామగ్రి దింపుటయు, ఇల్లు కడుగుటయు, పిండివంటలకు సరకులు సమకూర్చుకొనుటయు మనకు గల పనులే. ఈ సందడిలో పిల్లలు "మాకేమి పని?" యని కాళ్లకు జుట్టుకొందురు. సంతలో దొరకు ప్లాస్టిక్ విల్లంబులను కొనియిచ్చి వారిని ఊరకుండజేయుట సులభమే. కాని యవి మూడవనాటికి విఱిగి పెరటిలో బడును. ఈ నెల మేము చెప్పదలచినది వేఱొక త్రోవ. కఱ్ఱను చీల్చుట మొదలు రంగులు వేయుటవఱకు ఒక బాణమును తల్లియో తండ్రియో బిడ్డతో గూర్చుండి ఇంటనే చేయవచ్చును.

పూర్వము మన తెలుగు పల్లెలలో దసరాకును విల్లంబులకును విడరాని సంబంధ ముండెడిది. వీథిబడి పంతులుగారు పండుగదినములలో శిష్యులను వెంటబెట్టుకొని ఇంటింటికి బోయెడివారు. పిల్లల చేతులలో రంగుకాగితములు చుట్టిన వెదురు విల్లంబు లుండెడివి. వారు పద్యములు చదివి, బాణముల కొనలయందుంచిన పూవులను, బుక్కాగుండను గృహస్థులపై జల్లెడివారు. పంతులుగారికి సంభావనయు, పిల్లలకు పప్పుబెల్లములును ముట్టెడివి. వీథిబడులతో పాటు ఆ యాచారమును చాలవఱకు అంతరించినది. అయినను అందొక విశేషము గమనింపదగియున్నది. ఆ బాణము ఎవరిని నొప్పించుటకును గాదు, పూవులు చల్లుటకు. ఈ మాట మాకు చిన్నతనమున ఎట్లు తెలిసివచ్చినదో చెప్పెదము.

మాకు ఎనిమిదేండ్ల ప్రాయమున, దసరాకు ముందు, మా నాయనగారు అన్నయ్యకు వెదురు విల్లు చేసి యిచ్చిరి. బాణములు మాత్రము అన్నయ్యయే చేసికొనెను. కొనకు మేకు గ్రుచ్చిన గాని అది బాణము గాదని వాని యభిప్రాయము. మాకు ఆడుపిల్లలమని విల్లు లేదు. జిగురు కాచి యిచ్చుటయే మా వంతు. రెండవనాటి సాయంకాలము అన్నయ్య విడిచిన బాణము గోడకు దగిలి ప్రక్కకు దూకి, పొరుగింటి పిల్లవాని కనుబొమ్మ క్రింద గ్రుచ్చుకొనెను. రక్తము చూచి వీథియంతయు గుమిగూడెను. గాయము కంటికి వెండ్రుకవాసి దూరమున నిలిచినది. వైద్యుడు కట్టుకట్టి "కన్ను దక్కినది" అనువఱకు మా అమ్మ నోట మాట లేదు.

ఆ రాత్రి విల్లును పొయిలో బెట్టుదురని మేమందఱము తలచితిమి. నాయనగారు మితభాషి. మఱునాటి యుదయము పొరుగింటికి బోయి ఆ పిల్లవానిని చూచివచ్చి, వసారాలో చాప పఱచి, "ఇద్దఱును రండి. బాణ మెట్లు చేయవలెనో నిన్న మీకు జెప్పకపోవుట నా తప్పు" అనిరి. "ఇద్దఱును" అను మాట మా చెవిని బడుటతోడనే మేము జిగురుగిన్నె వదలి పరుగెత్తితిమి. ఆ దినమున నేర్చినదియు, పిదప మా బిడ్డలతో చేసి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట కఱ్ఱ సంగతి. వడ్రంగియొద్ద మిగిలిన టేకుబద్ద గాని, బాగుగ ఎండిన వెదురు గాని చాలును. పచ్చికఱ్ఱ ఎండినకొలది వంకరపోవును గనుక పనికిరాదు. బద్దను ఱంపముతో గోయక, కత్తితో నిలువున చీల్చుట మేలు. చీల్చినప్పుడు కఱ్ఱ తన నారవెంబడి విచ్చును. ఱంపము నారను లెక్కచేయదు. నార ప్రక్కకు బోయిన కఱ్ఱ బాణము విడుచువేళ ఏటవాలుగా విఱిగి చేతిలో గ్రుచ్చుకొనవచ్చును. కత్తిపని పెద్దలదే. బిడ్డకు కత్తి యియ్యవలదు. ఎందుకు చీల్చుచున్నారో మాత్రము చెప్పవలెను.

చీల్చిన బద్దను మొదట నలుపలకగా చెక్కవలెను. పిదప నాలుగు అంచులను చెక్కిన ఎనిమిది పలకలగును; వాని యంచులను చెక్కిన పదునాఱగును; ఆపైన గరుకుకాగితముతో రుద్దిన గుండ్రనగును. వడ్రంగులు గుండ్రని కఱ్ఱను చేయు క్రమ మిదియే. ఈ రుద్దుట బిడ్డల పని. లావు అంగుళములో మూడవవంతును, పొడవు 24 అంగుళములును ఎనిమిది పదేండ్ల పిల్లలకు సరిపడును. బాణము మఱీ పొట్టిదైన, లాగినప్పుడు కొన వింటిని దాటి చేతిమీదికి వచ్చును. కావున బిడ్డ పూర్తిగా లాగి చూపినప్పుడు కొన వింటికి ముందు రెండుమూడంగుళములు మిగులవలెను.

తరువాత వంకర తీయుట. పుల్లను చదునైన పీటపై దొర్లించినచో ఎచ్చట ఎగురునో అచ్చటనే వంకర. ఆ చోటును నిప్పులసెగకు మాడకుండ కాచి, వంకరకు ఎదురుదిక్కుగా మెల్లగా వంచి, చల్లాఱువఱకు కదలక పట్టుకొనవలెను. వేడికి కఱ్ఱలోని బిగువు సడలి, చల్లాఱునప్పుడు క్రొత్తరూపున నిలుచును. తొందరపడి ముందే విడిచిన మరల వంగును. మా మొదటి పుల్లను నాయనగారు మూడుమాఱులు కాచి మాచేతనే పట్టించిరి. ఒక్కమాఱైనను తాము లాగికొని సరిచేయలేదు.

ఇక వెనుకకొన. నారి యిముడుటకు అచ్చట చిన్న గాడి కోయవలెను. వెదురైనచో కణుపునకు కొంచెము వెనుకగా గాడి వచ్చునట్లు చూచుకొనవలెను. కణుపు గట్టిది గనుక నారితాకిడికి పుల్ల చీలదు. ఏ కఱ్ఱయైనను గాడి క్రింద అరయంగుళముమేర నూలుదారము ఒత్తుగ జుట్టి జిగురు పూయుట మఱవరాదు.

గాడికి ముందు పింజ కట్టవలెను. మూడు ఈకలను సమదూరమున అతికింతురు. వానిలో నొకటి గాడికి అడ్డముగా నుండవలెను. అట్లున్న మిగిలిన రెండును వింటిని ఒరసికొనక జాఱును. మూడును ఒకే వైపు ఱెక్కవి కావలెను. కుడిఱెక్క ఈకలు ఒకవైపునకును, ఎడమఱెక్కవి మఱొకవైపునకును వంపు గలిగియుండును. కలిపిన ఒకదానికొకటి విరోధించును. ఒకే వైపువైన బాణము గాలిలో తనచుట్టు తాను తిరుగుచు తిన్నగా బోవును. ఇంటికోడి రాల్చిన ఈకలను సబ్బునీట గడిగి యెండబెట్టి వాడవచ్చును. ఈకలు ముట్టుట కిష్టపడనివారికి తాటాకుగాని, దళసరి అట్టగాని చాలును. పింజ గాలికి అడ్డుపడి తోకను వెనుకనే నిలుపును. అది లేనిచో బాణము పల్టీలు కొట్టును.

అట్లే ముందుభాగము వెనుకభాగముకంటె కొంచెము బరువుగ నుండవలెను. వ్రేలిపై నిలిపి చూచిన తూకపుచోటు నడిమికంటె రెండంగుళములు ముందునకుండిన చాలును. ఈ బరువునకై అన్నయ్య మేకు గ్రుచ్చినాడు. నాయనగారు ములికికి బదులు గుడ్డచెండు కట్టిరి. పాతగుడ్డ పేలికలను కొనకు చుట్టి, నిమ్మకాయంత చేసి, దారముతో బిగించి, పైన మెత్తని గుడ్డను కుట్టవలెను. ఈ కుట్టుపని మేము చేసితిమి. కొన కన్నుగుంటలో పట్టనంత లావుండుటయే దీనిలోని రహస్యము. విల్లును బిడ్డ రెండు వ్రేళ్లతో లాగగలిగినంత మెత్తనిదై యుండవలెను. చెండు కట్టినను మనుష్యులవైపునకు, పశుపక్ష్యాదులవైపునకు గుఱిపెట్టరాదు. పాతచీర నొకదానిని తీగెపై వ్రేలాడదీసి దానికి గొట్టింపుడు. అందఱును వింటివెనుక నిలిచిన పిదపనే బాణము విడువవలెను. అందఱును విడిచిన పిదపనే ఏఱుకొన బోవలెను.

ఇంతవఱకు బాణము నడకకు వలసినది; ఇక నలంకారము. ఇది వట్టి షోకు గాదు. ఎవరి బాణ మెవరిదో తెలియుటకు గుర్తు గావలెను. సంస్కృతభారతమున విరాటపర్వమునందలి జమ్మిచెట్టు ఘట్టమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఉత్తరకుమారుడు చెట్టెక్కి మూట విప్పి, మెఱయు ధనుస్సులను చూచి, ఇది యెవరిది, అది యెవరిదని యొక్కొక్కటియే యడుగును. బంగారు ఏనుగులు గలది భీమునిదనియు, ఆరుద్రపురుగులు చెక్కినది ధర్మరాజుదనియు, సూర్యబింబములు గలది నకులునిదనియు, బంగారుమిడుతలు గలది సహదేవునిదనియు బృహన్నల చెప్పును. పండ్రెండేండ్లు అడవిలో గడపి, ఏడాది మాఱుపేరులతో దాగిన వారి నిజమైన పేరులు ఆ గుర్తులవలననే మొదట బయటపడినవి. విజయదశమినాడు జమ్మిని పూజించు మనము పిల్లలకు ఈ కథ చెప్పి, "నీ గుర్తేది?" అని యడిగినచో, వారు అరగంటసేపు ఆలోచింతురు.

రంగులకు వంటయింటినే వెదకవచ్చును. ఏటికొప్పాక లక్కబొమ్మలకు పసుపు, నీలి మున్నగు చెట్లరంగులు వాడుదురని మీరెఱుగుదురు. మనకు పసుపును, పసుపున సున్నము కలిపిన యెఱుపును, దీపపు మసితో నలుపును, సున్నముతో తెలుపును లభించును. తుమ్మబంకను నీట నానబెట్టి వీనిలో గలిపిన రంగు కఱ్ఱను బట్టుకొనును. పసుపు ఎండకు వెలయును గనుక బాణమును నీడలో నుంచవలెను. సీసము గలిసిన సిందూరమును మాత్రము పిల్లల చేతికి ఈయకుడు. అది కడుపులోనికి బోయిన విషము. సున్నము కలుపు పని పెద్దలదే, అది కంటబడరాదు.

పింజకు ముందు పట్టెలు దీర్చు పద్ధతి యొకటి గలదు. కుంచెను పుల్లచుట్టు త్రిప్పిన గీత వంకరపోవును. కుంచె కదలక నిలువవలెను, పుల్లయే తిరుగవలెను. రెండు డబ్బాల యంచులలో గాడులు కోసి పుల్లను వానిపై నుంచి, ఒకరు మెల్లగా దొర్లింపగా మఱొకరు కుంచె ఆనించి పట్టుకొన్న, గీత తన మొదటికి తానే వచ్చి కలియును. ఇది యొక్కరివలన నగుపని గాదు. నాయనగారు పుల్లను ద్రిప్పిరి. మేము కుంచె బట్టితిమి. ఎఱ్ఱపట్టెలు మూడు, నడుమ తెల్లచుక్కలు: అదియే మా గుర్తు. రెండవ పట్టె తీర్చుచుండగా అన్నయ్య ఏమో చెప్పి నవ్వించెను. మా చేయి కదలినది. గీత యొకచోట పైకి లేచినది. మేము ఏడ్వబోవ, నాయనగారు "ఉండనీ తల్లీ! ఇక నిది నీదని ఎవరైనను చెప్పగలరు" అనిరి.

ఆ దసరానాడు గుడ్డచెండునకు బుక్కాగుండ అద్ది, మొదటి బాణమును ఆ పొరుగింటి పిల్లవానిచేతనే విడిపించిరి. కంటిక్రింద కట్టు ఇంకను ఉన్నది. ఆ గుండ మా అందఱి తలలమీదను బడినది. వాని తల్లి మా అమ్మతో మరల మాటలాడినది ఆ దినముననే.

ఆడుపిల్లలకు విల్లెందుకని యిప్పటికిని అనువారు కలరు. మన విజయవాడ ఆడుబిడ్డ వెన్నం జ్యోతి సురేఖ 2023 లో చైనాదేశపు హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండ్ విలువిద్యయందు మూడు స్వర్ణపతకములు గెలిచినది. మీ బిడ్డ పతకము తేనవసరము లేదు. జిగురుగిన్నెయొద్ద కూర్చుండక చాపమీదికి వచ్చిన జాలును.

ఒక్క మనవి. ఈ పనికి రెండు సాయంకాలములు పట్టును. జిగురు ఆఱుట కొక రాత్రి. పురుషులు "తీరిక లే"దందురు. అయినను వారిచేతికి పుల్ల నిచ్చి బిడ్డను ఎదుట గూర్చుండబెట్టి మీరు వంటయింటికి బొండు. వంకర పుల్ల సరిచేసి యిచ్చుటకు తండ్రి చేయి ముందునకు బోవును. దానిని మాత్రము ఆపవలెను. సరియైన బాణముకంటె బిడ్డ తాను సరిచేసిన బాణము మేలు.

నాయనగారు గతించిన పిమ్మట ఇల్లు సర్దుచుండగా అటకపై పాతగుడ్డలో చుట్టిన బాణములు రెండు కనబడినవి. చెండు చివికినది, పింజ పురుగులు కొట్టినది. ఎఱుపు గోధుమరంగునకు దిగినది. కాని రెండవ పట్టెలో ఒకచోట గీత పైకి లేచియే యున్నది. వానిని దాచినది ఆయనయో అమ్మయో అడుగుటకు ఇద్దఱును లేరు. మా అమ్మాయి దానిని చేతబట్టి, "అమ్మా, ఇది నీదేనా?" అని తానుగానే అడిగినది.

ఈ దసరాకు మీయింట చేసిన బాణములపై మీ బిడ్డలు ఏ గుర్తు లెన్నుకొనిరో మాకు వ్రాయుడు. వచ్చు నెల దీపావళికి మట్టిప్రమిదలను ఇంట చేయు విధము చెప్పెదము.