టార్పాలిను పందిరికి తగిన త్రాడు

శిబిరమునకు బయలుదేఱు స్కౌటు బాలురు టార్పాలినును గూర్చి పదిమాఱులు విచారింతురు. అది క్రొత్తదియా, నీరు దిగునా, దాని క్రింద ఎందఱు పండుకొనవచ్చును అని యడుగుదురు. త్రాటి మాట వచ్చినప్పుడు మాత్రము, "ఇంట బట్టలు ఆఱవేయు త్రాడున్నది, చాలదా?" అందురు. తలిదండ్రులును అట్లే తలంతురు. కాని పందిరిని నిలువబెట్టునది టార్పాలిను గాదు, త్రాడు. నడిరేయి వాన కురియుచుండగా త్రాడు వదులైనచో టార్పాలిను నడుమ క్రుంగును. క్రుంగిన చోట నీరు నిలుచును. ఆ నీటి బరువునకు మఱింత క్రుంగి, తుదకు నిదురించుచున్న చిన్నవారిమీద కూలును. కావున త్రాటిని టార్పాలినుతో సమానమైన శ్రద్ధతో ఎన్నుకొనవలెననియు, ఆ యెన్నికలో దాని బలముకంటె ముందుగా అది సాగునా, సాగదా యని చూడవలెననియు నా దృఢాభిప్రాయము.

బలమైన త్రాడే మంచి త్రాడని లోకము తలంచును. ఇది కొంతవఱకే నిజము. వానకు నేల మెత్తబడినప్పుడు మంచి త్రాడు తెగుటకు చాల ముందే మేకు ఊడి వచ్చును. అట్టి చోట మితిమీఱిన బలమువలన ప్రయోజనమేమి? పారచూటు త్రాడను పేరుతో అంగళ్లలో అమ్మబడునది బాలురకు మిక్కిలి ప్రీతిపాత్రము. అసలైనది దాదాపు 4 మిల్లీమీటర్ల లావుండి, 550 పౌనుల బరువును, అనగా ఇంచుమించు 250 కిలోగ్రాములను మోయును. కాని మనము ఏనుగును కట్టబోవుట లేదు గదా! అది నైలాను త్రాడు. తెగుటకు ముందు తన పొడవులో నూటికి 30 పాళ్లకు తక్కువ గాకుండ సాగును. పారచూటు విచ్చుకొనునప్పటి కుదుపును ఓర్చుటకు ఆ గుణము మేలు. పందిరికి అదియే కీడు.

సాగుటకు తోడు తడియు గలదు. పూర్వము డేరాలకు నూలు త్రాళ్లును జనపనార త్రాళ్లును వాడుచుండిరి. నీరు తగిలినప్పుడు ఆ పోగులు ఉబ్బి, త్రాడు పొట్టియగును. బిగుసుకొని మేకులను పెఱికివేయును. కావుననే సాయంకాలము త్రాళ్లను కొంచెము వదులు చేసి పండుకొనవలెనని పాతకాలపు స్కౌటు గురువులు నేర్పిరి. నైలాను ఇందుకు విరుద్ధము. 1935లో అమెరికా దేశమున కెరొథర్సు అను రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఈ పోగు తడిసినకొలది పొడవగును. నూలు త్రాటికి చెప్పిన నియమమును నైలానునకు పాటించినచో పందిరి తెల్లవాఱునందాక నిలువదు. పెద్దల పాఠము తప్పు గాదు, త్రాడు మాఱినది. పోగు నెఱుగక నియమమును మాత్రము కంఠస్థము చేయుట అర్థ మెఱుగక పద్యము వల్లించుట వంటిది.

మన దేశపు నారలను నేను తక్కువ చేయుటలేదు. కోనసీమ కొబ్బరిపీచు త్రాడు నీటికి త్వరగా కుళ్లదు; పడవలకును నూతులకును ఎంతయో యుపకరించినది. అయినను అది లావైనది, గరుకైనది, మీదుమిక్కిలి సాగునది. గోగునార గోనెసంచులకు ప్రసిద్ధము. భీమునిపట్టణపు రేవు పేరనే ఆంగ్ల వర్తకులు దానిని పిలిచిరి. కాని తడిగా చుట్టిపెట్టినచో అది కుళ్లిపోవును. ఇక నీలము, పసుపు రంగులలో సంతలయందు అమ్ము ప్లాస్టికు త్రాడు పాలీప్రొపిలీనుతో చేసినది. అది తేలిక, చవుక, నీటిపై తేలును. అయితే బిరుసైనది గనుక దాని ముడులు జాఱును. ఎండలో కొంతకాలముండినచో పెళుసెక్కి పొడిపొడిగా రాలును. డైనీమా యను క్రొత్త పోగు బహు బలమైనది, దాదాపుగా సాగనిది. కాని దాని నునుపునకు సామాన్యమైన ముడులు నిలువవు, వెలయు నెక్కువ.

వీని నన్నిటిని తూచిచూడగా మన బాలురకు తగినది అల్లిక పాలియెస్టరు త్రాడని తోచుచున్నది. 1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డు, డిక్సను అనువారు కనిపెట్టిన ఈ పోగు గాలిలోని తేమను నూటికి అర పాలైనను పీల్చదు. నైలాను నూటికి 4 పాళ్లు పీల్చును. పాలియెస్టరు తడిసినను పొడవు మాఱదు. ఎండకు నైలానుకంటె బాగుగా ఓర్చును. మూలలను మేకులకు లాగికట్టుటకు 3 మిల్లీమీటర్ల లావు చాలును. పేనిన త్రాటికంటె అల్లిన త్రాడు మేలు. అది పురి విడదు.

రెండు చెట్ల నడుమ కట్టు త్రాడు మాత్రము 4 లేక 5 మిల్లీమీటర్ల లావుండవలెను. దీనికి కారణము గణితమే చెప్పును. త్రాటి నడుమ 10 కిలోగ్రాముల బరువు వ్రేలాడుచున్నదనుకొనుడు. త్రాడు ఇరువైపుల 30 డిగ్రీల వాలుగా నున్నప్పుడు దానిలోని ఈడ్పు 10 కిలోగ్రాములే. దానినే వీణ తీగవలె బిగించి, వాలు 5 డిగ్రీలే యుండునట్లు చేసినచో, ఆ ఈడ్పు 57 కిలోగ్రాములగును. ముడి పడిన చోట త్రాటి బలము తగ్గునను సంగతియు మఱువరాదు.

"దీనికై క్రొత్త త్రాడు కొనుట వ్యర్థ వ్యయము గాదా?" యని కొందఱు తలిదండ్రు లడుగవచ్చును. ఒక్కొక్క బాలుడు ఒక్కొక్క త్రాడు కొనినచో నిజముగా వ్యర్థమే. చెట్ల నడుమ కట్టుటకు 10 మీటర్లు, ఆఱు చోట్ల లాగికట్టుటకు 3 మీటర్ల చొప్పున 18 మీటర్లు, మొత్తము 28 మీటర్లు ఒక పందిరికి చాలును. దళమంతయు కలసి చుట్టలుగా కొని, కోసి పంచుకొని, శిబిరము ముగియగనే ఆఱబెట్టి దాచినచో పలు సంవత్సరములు వచ్చును. టార్పాలినుపై వ్యయపఱచిన సొమ్ము నిష్ఫలము గాకుండ కాచునది ఈ కొద్ది వ్యయమే.

అయితే నా మాటను గాని, అంగడివాని మాటను గాని విద్యార్థులు ఊరక నమ్మవలదు. దొరకిన ప్రతి రకమునుండి రెండు మీటర్ల ముక్క తెచ్చి, దానిమీద ఒక మీటరు దూరమున రెండు గుఱుతులు పెట్టుడు. 10 లీటర్ల నీరుగల బకెట్టును వ్రేలాడదీసి గుఱుతుల దూరమును కొలువుడు. తరువాత ముక్కను రాత్రియంతయు నీట నానవేసి మరల కొలువుడు. ఏది యెక్కువ సాగెనో దానిని ఇంటికి పంపివేయుడు. ఏ పుస్తకమునుండియు రాని జ్ఞానము ఆ బకెట్టునుండి వచ్చును.

ఇంక రెండు మాటలు. త్రాడు తెల్లనిదో, మెఱయునదో కావలెను. చీకటిలో కనబడని త్రాడు పరుగెత్తు బాలుని కాలికి ఉరి. మఱియు శిబిరము విడుచునప్పుడు తెగిన ముక్క యొక్కటియు నేలపై మిగులరాదు. గడ్డితో పాటు దానిని మ్రింగిన పశువు బాధపడును.

అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టువాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయమువలన ఎఱుగుదుము. ఆ వృత్తిలోనివాడు బట్టను గాని త్రాటిని గాని అశ్రద్ధ చేసియుండడు. వచ్చు శిబిరమునకు పెద్ద బాలురు తాము పరీక్షించిన త్రాళ్లతోనే చిన్నవారి పందిళ్లను కట్టుదురు గాక. తమ పిల్లలు వానలో తడియకుండ నిదురింతురని నమ్మి పంపిన తల్లులకు మనము చెల్లింపవలసిన ఋణమిది.