జబ్బు పేరు మనిషి పేరు కాదు

ఓపీ చీటీ రాసేచోట "పేరు చెప్పండమ్మా" అంటే కొందరు తల్లులు ముందుగా భర్త పేరో, పెద్ద కొడుకు పేరో చెబుతారు. దమ్మాయిగూడ, నాగారం, కీసర వైపు నుండి వచ్చే పెద్దవయసు స్త్రీలలో ఇది మరీ ఎక్కువ. వారికి పేరు లేక కాదు, ఆ పేరుతో పిలిచేవారు లేక. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో కోడలు, తరువాత ఫలానావాళ్ళ అమ్మ. మగవారికి ఉద్యోగమే పేరు. ఈసీఐఎల్‌లో రిటైరై ఎన్నేళ్ళయినా "మాది ఈసీఐఎల్" అనే చెప్పుకుంటారు. హిందుస్థాన్ కేబుల్స్ మూసివేతకు కేంద్రం 2016లోనే ఆమోదం తెలిపింది గాని, అందులో పనిచేసినవారి నోట ఆ పేరు ఇంకా పోలేదు.

"నేనెవరు?" అనే ప్రశ్నకు జవాబు మనం ఒంటరిగా కూర్చుని తయారు చేసుకునేది కాదు. ఇతరులు మనకు అద్దం వంటివారని, వారు మనలను ఎలా చూస్తున్నారని అనుకుంటామో దానిని బట్టే మనలను మనం చూసుకుంటామని చార్లెస్ కూలీ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1902లో రాశారు. నర్సింగ్ చదువులో ఇది చిన్న పాఠం. వార్డులో మాత్రం రోజూ కనిపిస్తుంది.

జబ్బు తెలిసిన రోజున ఈ అద్దమే మారిపోతుంది. నిన్నటివరకు బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి ఈరోజు "షుగర్ పేషెంట్". పండుగనాడు ఆమె ముందునుండి గిన్నె పక్కకు జరుపుతారు. ప్రార్థన కూడికలో ఆమె పేరు కంటే ముందు జబ్బు పేరు వినబడుతుంది. అందరూ ప్రేమతోనే అంటారు, కాదనను. కాని ఆ మాట విని విని కొందరు నిజంగానే కుట్టుమిషన్ మూసేస్తారు. మరికొందరు ఆ పేరు వద్దనుకుని దానితోపాటు మాత్రలు కూడా వద్దనుకుంటారు. "మాత్ర వేసుకుంటే రోగినని ఒప్పుకున్నట్టే కదా సిస్టర్" అంటారు. నాకు భయం ఈ రెండవవారి గురించే. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు వాడాలి. పక్కింటివారికి తెలుస్తుందని మధ్యలో ఆపితే, తరువాత ఆ మందులకు లొంగని టీబీ రావచ్చు.

మాట ఎంత మొండిదో కుష్ఠు చరిత్ర చూడండి. ఆ జబ్బు ఉన్నవారిని ఆ జబ్బు పేరుతోనే పిలవడం మానాలని 1948లో హవానాలో జరిగిన అంతర్జాతీయ మహాసభ కోరింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సూచించింది. ఆరు నెలలో, సంవత్సరమో మందులు వాడితే నయమవుతుంది. అయినా మన దేశంలో కుష్ఠును కారణంగా చూపి విడాకులు కోరే వీలు 2019 వరకు ఉండేది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి చట్టంలో కూడా ఉండేది. మందు వచ్చిన 38 ఏళ్ళకు గాని చట్టంలో నుండి ఆ మాట పోలేదు. మనసుల్లో నుండి పోయిందని నేను అనుకోను.

కాబట్టి "ఆమె షుగర్ పేషెంట్" అనకుండా "ఆమెకు షుగర్ ఉంది" అనమని కోరుతున్నాను. చిన్న తేడాయే, కాని రెండవ మాటలో మనిషి మిగులుతుంది. ఆసుపత్రులలో "ఏడో నంబర్ బెడ్" అనే అలవాటు కూడా పోవాలి. నా ముందు ఏ నర్సయినా అలా అంటే పేరు చెప్పమని అడుగుతాను. సంఘంలో ఎవరి జబ్బు గురించి అయినా ప్రకటించే ముందు వారినే అడగండి. చెప్పవద్దంటే పేరు పెట్టి ప్రార్థిస్తే చాలు, జబ్బు ఏమిటో దేవునికి తెలుసు.

చూడడానికి వచ్చినవారు రిపోర్టులు తిరగేస్తూ కూర్చోకండి. ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తుంటే ఆమె సలహా అడగండి. కుట్టు పని తెలిసినామెకు డాక్టరు సరేనంటే నాలుగు గుండీలు కుట్టమని ఇవ్వండి. పెద్దవారిని చేర్చేటప్పుడు కళ్ళజోడు, పళ్ళసెట్టు, వినికిడి మిషన్ ఇంట్లో మరచి రాకండి. దువ్వెన కూడా తీసుకురండి.