సున్న గొప్పలు చెప్పుకొనుటకేనా?



సున్నను ఆర్యభటుడు కనుగొన్నాడని మన పిల్లలందరూ తడుముకోకుండా అప్పజెప్పగలరు. వ్యాసరచన పోటీలలోనూ, వక్తృత్వ పోటీలలోనూ, ఇప్పుడు వాట్సాప్ సందేశాలలోనూ ఈ వాక్యమే తిరుగుతున్నది. ఐదును సున్నతో భాగిస్తే ఎంత అని అదే పిల్లలను అడిగి చూడండి. కొందరు ఐదు అంటారు, కొందరు సున్న అంటారు. ఎందుకని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఈ రెండు ప్రశ్నలలో దేనిని చదువు అనాలి?

పైగా ఆ అప్పజెప్పే మాటైనా సరైనది కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో దశగుణోత్తర స్థానాల భావన ఉన్నది, నిజమే. కాని ఆయన సంఖ్యలను అక్షరాలతో వ్రాసే పద్ధతిని కల్పించాడు. దానికి సున్న గుర్తుతో పని లేదు. సున్నతో లెక్క ఎలా చేయాలో ఆ గ్రంథం చెప్పదు. అది చెప్పినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో, బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో. ఒక సంఖ్య నుండి అదే సంఖ్యను తీసివేస్తే వచ్చేది సున్న. ధనానికి గాని ఋణానికి గాని సున్నను కలిపితే మార్పు లేదు. సున్నతో దేనిని గుణించినా సున్నయే. ఖాళీ స్థానాన్ని చూపే గుర్తు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే బాబిలోనియావారికి ఉన్నది, సముద్రాల ఆవల మాయావారికీ ఉన్నది. గుర్తు వేరు, సంఖ్య వేరు. ఆ గుర్తును ఒకటి, రెండు వలెనే లెక్కకు లొంగే సంఖ్యగా నిలబెట్టడంలోనే బ్రహ్మగుప్తుని ఘనత ఉన్నది.

“ఆర్యభటుడు ఐదవ శతాబ్దం వాడైతే అంతకు ముందే రావణునికి పది తలలని ఎలా లెక్కపెట్టారు?” అనే సందేశం కూడా మీకు వచ్చే ఉంటుంది. దీనికి జవాబు చెప్పవలసినది గణితం మాస్టారు కాదు, తెలుగు పంతులే. “పది” అనే మాటలో సున్న ఎక్కడ ఉన్నది? “నూరు”లో ఎక్కడ ఉన్నది? మాటతో లెక్కించడానికి సున్న అక్కరలేదు. స్థానాలు పెట్టి అంకెలతో వ్రాయడానికి కావాలి. రోమనులు పదికి ఒక్క అక్షరం వ్రాసి సామ్రాజ్యమే నడిపారు.

మరి భాగహారం సంగతి? ఇక్కడ పెద్దలే తడబడ్డారు. సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడు బ్రహ్మగుప్తుడు. తొమ్మిదవ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, గణితసార సంగ్రహం వ్రాసిన మహావీరాచార్యుడు ఏ సంఖ్యనైనా సున్నతో భాగిస్తే అది మారదన్నాడు. పన్నెండవ శతాబ్దపు భాస్కరాచార్యుడు అనంతమన్నాడు. అంటే మన పిల్లవాడు “ఐదు” అన్నప్పుడు అతడు చెప్పినది మహావీరుని జవాబే! తిట్టి కూర్చోబెట్టకుండా సరిచూడమనండి. భాగఫలాన్ని భాజకంతో గుణిస్తే విభాజ్యం రావాలి. దేనిని సున్నతో గుణిస్తే ఐదు వస్తుంది? ఏదీ రాదు. అదే సున్నను సున్నతో భాగిస్తే ఏ సంఖ్య పెట్టినా సరిపోతుంది, కనుక ఒక్క జవాబు అనేది లేదు. ఈ మొత్తం వాదనకు తెలుగులో లేని మాట ఒక్కటీ లేదు. శాస్త్రం తెలుగులో ఇమడదనే తల్లిదండ్రులకు ఇంకొక సంగతి: మహావీరుని ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన పదకొండవ శతాబ్దంలోనే తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

మాటల విషయంలో మన అజాగ్రత్త కూడా తక్కువది కాదు. పిల్లవాడు కన్నడంలో సొన్నె అని, తమిళ పాఠంలో సుళియం అని, ఒడియా, మరాఠీలలో శూన్య అని వింటాడు. మనం సున్న, శూన్యం, పూజ్యం, హళ్ళి అన్నీ కలగలిపి వాడతాము. (అనుస్వారం కూడా సున్నయే, దానిని నేర్పేదీ మనమే.) భౌతికశాస్త్రంలో శూన్యమంటే పదార్థం లేని చోటు, సున్న అంటే కొలతలో ఒక స్థానం. ఈ రెండూ ఒకటే అనుకున్న పిల్లవాడు సున్న డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి బొత్తిగా లేదనుకుంటాడు. అది నీరు గడ్డకట్టే చోటు మాత్రమే. కనుకనే 20 డిగ్రీల వేడి 10 డిగ్రీలకు రెట్టింపు కాదు. కెల్విన్ 1848లో ప్రతిపాదించిన కొలమానపు సున్న ఇంకా 273.15 డిగ్రీలు క్రింద ఉన్నది. దానిని ఎవరూ అందుకోలేరు. అక్కడైనా శూన్యం లేదు: అణువుల కదలిక పూర్తిగా ఆగదు. సాధారణ పీడనంలో ఎంత చల్లబరచినా హీలియం గడ్డకట్టకపోవడానికి కారణం అదే.

డిసెంబరు 22న గణిత దినోత్సవానికి పోటీలు పెట్టే మిత్రులు ఈసారి “సున్నను కనుగొన్నదెవరు” అన్న అంశాన్ని పక్కన పెట్టండి. “సున్నతో ఎందుకు భాగించరాదు” అని ఇచ్చి, ఐదవ తరగతి పిల్లవాని చేత ఐదు నిమిషాలు తెలుగులో మాట్లాడించండి. నల్లబల్ల, సుద్దముక్క అతని చేతికే ఇవ్వండి.