ఎన్‌బీఏ టాప్ 5: మా హాస్టల్ లిస్టు, మా లెక్క

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

ఎన్‌బీఏ 2025-26 సీజన్ 2025 అక్టోబరులో మొదలైంది. ఎక్కడ చూసినా టాప్ ప్లేయర్ల ర్యాంకులే. మా రూముల్లో కూడా వారం నుంచి ఇదే గొడవ. చివరికి మేమూ ఒక లిస్టు వేశాం. ఎక్కువ పాయింట్లు కొట్టినోడే గొప్ప అనుకుంటే లిస్టెందుకు, స్కోరు పట్టిక చాలు. మేము అడిగిన ప్రశ్న ఒక్కటే: పక్కన నలుగురు మామూలు ఆటగాళ్లనే ఇస్తే, ఆ జట్టుని ఎవరు ఎక్కువ దూరం తీసుకెళ్తారు?

1. నికోలా యోకిచ్ (డెన్వర్): 2024-25 సీజన్ సగటు 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు. వేగం లేదు, పైకి పెద్దగా ఎగరడు. కానీ బంతి చేతికి రాకముందే ఎవరు ఖాళీగా ఉంటారో అతనికి తెలుసు. అతను బెంచీ మీద కూర్చుంటే డెన్వర్ ఆట ఎలా తయారవుతుందో చూస్తూనే ఉన్నాం.

2. షే గిల్జియస్-అలెగ్జాండర్ (ఓక్లహామా సిటీ): గొడవంతా ఇక్కడే. 32.7 సగటుతో లీగ్‌లో టాప్ స్కోరర్, ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ, టైటిల్, అన్నీ ఒకే ఏడాది. ప్లేఆఫ్స్‌లో డెన్వర్‌ని ఇంటికి పంపింది కూడా వీళ్లే. "ఇంకేం కావాలి?" అని మాలో సగం మంది. న్యాయమైన మాటే. కానీ ఆ సిరీస్ 7 మ్యాచుల దాకా వెళ్లింది. లీగ్‌లోనే గట్టి డిఫెన్స్ షే జట్టుది. టైటిల్ జట్టుది, ఈ ర్యాంకు మనిషిది.

3. యానిస్ ఆంటెటొకుంపో (మిల్వాకీ): 2021 ఫైనల్స్ చివరి మ్యాచులో 50 పాయింట్లు కొట్టి టైటిల్ తెచ్చినవాడు. ఇప్పటికీ అతన్ని ఒక్కడే ఆపడం కష్టం.

4. లూకా డాన్చిచ్ (లేకర్స్): ఆటలో లోటు లేదు. ఒంటి మీద శ్రద్ధ, డిఫెన్స్, ఈ రెండే అనుమానం.

5. విక్టర్ వెంబన్యామా (శాన్ ఆంటోనియో): మ్యాచుకు 3.8 బ్లాకులు. కానీ భుజంలో రక్తం గడ్డకట్టి 2024-25 సీజన్ 46 మ్యాచుల దగ్గరే ఆగిపోయాడు. 65 మ్యాచులు ఆడకపోతే ఎంవీపీకి అర్హతే ఉండదు. ఒళ్లు సహకరిస్తే వచ్చే ఏడాది ఇతనే ఒకటో నంబరు కావచ్చు.

లిస్టు పూర్తయ్యాక ఒక సంగతి గమనించాం. ఐదుగురిలో ఒక్కరూ అమెరికాలో పుట్టలేదు. 2019 నుంచి ఎంవీపీలు కూడా అంతే.

ఇంకో సంగతి. 2014 డ్రాఫ్ట్‌లో యోకిచ్ నంబరు 41. అతని పేరు చదువుతున్నప్పుడు టీవీలో టాకో బెల్ యాడ్ నడుస్తోంది. యానిస్ ఏథెన్స్‌లోనే పుట్టాడు, అక్కడే వీధుల్లో సామాన్లు అమ్మాడు. అయినా 2013 దాకా ఆ దేశం కాగితం అతనికి లేదు. పుట్టిన ఊళ్లోనే సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకి దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అంటే ర్యాంకులు వేస్టు అంటున్నామా? కాదు. మేమూ ర్యాంకుతోనే ఇక్కడికొచ్చాం, ఇప్పుడు మేమే ర్యాంకులు ఇచ్చాం కూడా. కానీ ఆ 41 అనేది ఆ రోజు వాళ్లకి కనిపించినంత వరకే. మిగతాది యోకిచ్ తర్వాత ఆడి చూపించాడు. ర్యాంకు చూసుకుని చదువు ఆపేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మన ఊళ్లలో ఎంతమందో మీకూ తెలుసు. వాళ్లకి ఈ కథ చెప్పండి.

మా లిస్టు కూడా పెన్సిల్‌తో రాసిందే. గోడకి అంటించాం. ఏప్రిల్‌లో తీసి చూస్తాం, తప్పయితే ఒప్పుకుంటాం. ఈలోపు మీ ఐదుగురి పేర్లు రాయండి. మీ లెక్కేంటో కూడా చెప్పాలి, ఉత్త పేర్లు ఒప్పుకోం.

జై ఆదివాసీ.