డాక్టరేటు చదివి కంపెనీలోనికా?

జూపాడు బంగ్లా నుండి ఒక తల్లిగారు గత మాసము మాకు ఉత్తరము వ్రాశారు. కుమారుడు ఫైనాన్సులో పిహెచ్.డి. ముగించాడు. కాలేజీలో లెక్చరరు అవుతాడని ఊరంతా అనుకుంటుంటే, హైదరాబాదులో ఒక కంపెనీ పరిశోధన విభాగములో చేరుతానంటున్నాడట. "ఇన్నేండ్లు చదివింది షావుకార్ల లెక్కలు రాయడానికా?" అని తండ్రిగారు పది రోజులుగా కొడుకుతో మాట్లాడటం లేదట. ఇంటి మీద అప్పు ఇంకా తీరలేదు.

అమ్మా, తండ్రిగారి బాధ మాకు అర్థమవుతుంది. మన పల్లెలలో పాఠము చెప్పేవారికున్న గౌరవము వేరు. కాని మీ అబ్బాయి చేయబోయేది గుమాస్తా పని కాదు. అప్పు అడిగిన కంపెనీ తిరిగి కట్టగలదా, ఒక వాటాకు ఈ ధర తగినదేనా, వానలు తప్పితే బ్యాంకు ఇచ్చిన పంట రుణాలలో ఎన్ని మొండి బకాయిలవుతాయి, ఇవి లెక్కగట్టి చెప్పే పని. ఈ దారి కొత్తదీ కాదు. ఎం.ఐ.టి.లో ప్రొఫెసరుగా ఉన్న ఫిషర్ బ్లాక్ 1984లో గోల్డ్‌మన్ శాక్స్‌లో చేరారు. కొలంబియా విశ్వవిద్యాలయములో కంప్యూటరు శాస్త్రము బోధించిన డేవిడ్ షా 1988లో స్థాపించిన పెట్టుబడి సంస్థకు 1996 నుండి మన హైదరాబాదులోనే కార్యాలయమున్నది.

ఇటువంటి పని విలువ ఎంతో మీ ప్రాంతపు కె.సి. కాలువే చెబుతుంది. దానిని మొదట త్రవ్వించినది సర్కారు కాదు, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషువారి కంపెనీ. పది లక్షల పౌన్ల మూలధనముపై ఏటా 5 శాతము వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చింది. నీటి పన్నుతో లాభాలు వస్తాయని లెక్కలు వేశారు. నల్లరేగడిలో వాన తేమతోనే జొన్న పండించుకొనే రైతు డబ్బిచ్చి నీరు కొంటాడా అన్న సంగతి ఆ లెక్కలకు అందలేదు. రైతులు అనుకున్నంతగా తీసుకోలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చింది. (ఇప్పుడు అదే నీటి కోసము ఎదురుచూపులు, అది వేరే కథ!) సీమలో పుట్టి పెరిగిన మీ అబ్బాయికి రైతు మనసు తెలుసు. ఇంటర్వ్యూలో ఆ తెలివిని దాచుకోవద్దని చెప్పండి.

అయితే కంపెనీవారు సిద్ధాంత గ్రంథము తిరగవేయరు. ఏండ్ల తరబడి ఒకే ప్రశ్నతో గడిపినవానిని శుక్రవారము లోపల రెండు పేజీలలో జవాబు ఇమ్మంటారు. అందుచేత ముందు మీకే చెప్పమనండి. పొయ్యి దగ్గర కూర్చొని, తాను కనుగొన్నదేమిటో అయిదు నిమిషాలలో మీకు అర్థమయ్యేటట్లు చెప్పగలిగితే సగము ఇంటర్వ్యూ గడిచినట్లే. పైథాన్ వంటి కంప్యూటరు భాష ఒకటి చేతికి రావాలి. వాటాలపై సలహా నివేదికలు వ్రాసే పనికైతే, సెబీ 2014లో తెచ్చిన నిబంధనల ప్రకారము ఎన్.ఐ.ఎస్.ఎం. వారి పరీక్ష ప్యాసు కావాలి. ఇందుకు పొలము అమ్మనక్కరలేదు. ఉద్యోగమిప్పిస్తామని డిపాజిట్టు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

నష్టాలూ చెప్పాలి. అక్కడ కనుగొన్నది కంపెనీ సొత్తు, తన పేరుతో అచ్చువేసుకోనివ్వకపోవచ్చు. వ్యాపారము దెబ్బతింటే ఉద్యోగము పోవచ్చు. రేపు కాలేజీకి రావాలనుకుంటే అచ్చయిన వ్యాసాలేవి అంటారు. కనుక చేరకముందే గ్రంథములో నుండి ఒకటి రెండు వ్యాసాలు మంచి పత్రికలకు పంపనివ్వండి. ఒప్పంద కాగితములో బాండు ఉన్నదేమో, నోటీసు గడువు ఎంతో చదివి సంతకము చేయమనండి.

తండ్రిగారు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. కంపెనీకి ఇష్టము లేని జవాబు లెక్కలో తేలినప్పుడు ఏమి చేస్తావు నాయనా? లెక్చరరా, కంపెనీయా అన్న తగవు కంటె మాకు ఇదే పెద్ద మాటగా తోస్తున్నది. అడగాలంటే ముందు మాట్లాడాలి కదా! ఆదివారము అబ్బాయి ఇంట్లోనే ఉంటాడని వ్రాశారు. భోజనాల దగ్గర ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టండి, ఏమి చెప్పాడో మాకొక కార్డు ముక్క వ్రాయండి.