పొలం తాకట్టు పెట్టే ముందు అడగండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే ఊళ్లోకి కాలేజీల కరపత్రాలు దిగుతాయి. పైన అద్దాల మేడ బొమ్మ, కింద 'నూటికి నూరు శాతం ఉద్యోగాలు' అన్న హామీ. విత్తనాల ప్యాకెట్ మీద కాయ బొమ్మ చూసి మోసపోయాక మనం బిల్లు, లాట్ నంబరు అడగడం నేర్చుకున్నాం. పిల్లల చదువుకు లక్షలు అప్పు చేసేటప్పుడు మాత్రం బొమ్మనే నమ్ముతున్నాం.

చదువు అయ్యాక ఉద్యోగం ఇప్పిస్తామనే మాట చూడొద్దు. చదువుతుండగా ఎంతకాలం నిజమైన పనిలో పెడతారో చూడండి. నా అభిప్రాయం ఇదే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు ఇంజినీరింగ్ విద్యార్థులను కొంతకాలం తరగతిలో, కొంతకాలం ఫ్యాక్టరీలో ఉంచి చదివించారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఇదే బాటలో మొదలైంది. అక్కడ ఇప్పుడు నాలుగు నెలలు చదువు, నాలుగు నెలలు జీతంతో పని. దీన్నే కో-ఆప్ అంటారు.

మన వ్యవసాయ డిగ్రీలో దీనికి దగ్గరగా ఉన్నది 'రావెప్'. చివరి ఏడాది పిల్లలు ఊళ్లకొచ్చి రైతుల వెంట పొలాల్లో తిరిగేది అందుకే. ఐసీఏఆర్ 2015లో తెచ్చిన 'స్టూడెంట్ రెడీ'లో రావెప్‌తో పాటు వ్యవసాయ పరిశ్రమల్లో శిక్షణ కూడా భాగమే. అయితే కాగితం మీద ఉన్నంత మాత్రాన అన్ని చోట్లా జరుగుతోందని అనుకోవద్దు. పురుగుమందుల దుకాణంలో సరుకు మోయించి, అమ్మించి సర్టిఫికెట్ ఇస్తే అది శిక్షణ కాదు, వెట్టి.

అందుకే ఫీజు కట్టే ముందు ఈ ప్రశ్నలు వేయండి. పోయిన ఏడాది విద్యార్థులు ఎక్కడెక్కడ, ఎన్ని నెలలు పనిచేశారు? స్టైపెండ్ ఎంత ఇచ్చారు? పని నేర్పింది ఎవరు? హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు మొత్తం ఖర్చెంత? వ్యవసాయ కోర్సయితే ఐసీఏఆర్ గుర్తింపు ఉందా, ఎప్పటి వరకు ఉంది? జవాబులు రాతపూర్వకంగా అడగండి. ఆఫీసులో కూర్చున్నవాళ్ల మాటతో ఆగకుండా, చివరి ఏడాది పిల్లలు నలుగురితో విడిగా మాట్లాడండి. రాసివ్వడానికి వెనకాడే కాలేజీకి దూరంగా ఉండటమే మేలు.

అప్పు ఒక్కటే దారి కాదు. ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్ ద్వారా ప్రభుత్వ వ్యవసాయ కాలేజీల్లో రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. దానికి కావలసిన పత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. పదో తరగతి అయ్యాక రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ చదివి, అగ్రిసెట్ రాసి డిగ్రీలో చేరవచ్చు.

మన సంఘం అడగాల్సింది కూడా ఒకటుంది. సహకార సంఘాలు, పాల సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు మన పిల్లలను స్టైపెండ్‌తో పనిలో పెట్టుకోవాలి. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. పంట కొనుగోలు, నిల్వ, లెక్కలు నేర్చుకున్న పిల్లాడికి పట్నంలోనూ పని దొరుకుతుంది, ఊళ్లోనూ దొరుకుతుంది.

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి చూస్తాం. పొలం తాకట్టు పెట్టి కొనే చదువును కూడా అలాగే చూడాలి.